ఒప్పుకున్నాడంటే చాలునా?



ఊళ్లో దొంగతనం జరిగినా, ఖూనీ జరిగినా నాలుగు రోజులకు ఒక మాట వినబడుతుంది.

"దొరికిండట. ఠాణాల ఒప్పుకున్నడట."

ఆ మాట రచ్చకట్ట దగ్గర పుడుతుంది. బోరింగు దగ్గరికి వస్తుంది. పొద్దుగూకేసరికి ఇల్లిల్లూ తిరుగుతుంది. ఇంకేముంది, వాడే చేసిండు అని అందరం అనుకుంటాం.

ఎవరి ముందు ఒప్పుకున్నాడు? ఎట్లా ఒప్పుకున్నాడు? ఈ రెండు ప్రశ్నలు అడిగేవాళ్లు తక్కువ. ఈ పాఠంలో ఆ రెండు ప్రశ్నలూ అడుగుదాం.

కడియాల ముచ్చట

ఒక ముచ్చట అనుకుందాం. ఒక ఇంట్లో వెండి కడియాలు పోయినయి. ఆ ఇంట్లో పనికి వచ్చే పిల్లగాని మీద అనుమానం పడ్డది. నలుగురు కలిసి వాణ్ని గుంజకు కట్టేసి కొట్టిన్రు.

మొదటి దెబ్బకు "నేను తియ్యలే" అన్నడు. పదో దెబ్బకు గూడ అదే మాట. ఇరవయ్యో దెబ్బకు "నేనే తీసిన, కొట్టకున్రి" అన్నడు.

"యాడ పెట్టినవ్?" అన్నరు. వానికి ఏం తెలుసు? నోటికొచ్చిన జాగా చెప్పిండు. అక్కడ తవ్వితే ఏమీ లేదు. మళ్లీ కొట్టిన్రు. ఇంకో జాగా చెప్పిండు.

నెల తర్వాత వడ్ల గుమ్మి ఖాళీ చేస్తుంటే అడుగున కడియాలు దొరికినయి. ఇంటామె తానే దాచి మరిచింది.

మరి ఆ పిల్లగాడు "నేనే తీసిన" అని ఎందుకన్నాడు? దెబ్బ ఆగాలని అన్నాడు. దెబ్బ తట్టుకోలేని మనిషి ఎదుటివాళ్లు ఏ మాట కోరితే ఆ మాటే అంటాడు. ఆ మాటతో నిజం బయటికి రాదు. వాని ఓపిక ఎంతో అదే తెలుస్తుంది.

చట్టం ఏమంటుంది?

ఈ సంగతి చట్టం రాసినవాళ్లకు ఎప్పుడో తెలుసు. 1872లో, ఇంగ్లీషువాళ్ల కాలంలో, సాక్ష్య చట్టం వచ్చింది. దాని 25వ సెక్షన్ ఒక్క ముక్కలో చెప్పింది: నేరం చేశానని పోలీసు అధికారికి చెప్పిన మాటను ఆ మనిషి మీద సాక్ష్యంగా చూపరాదు.

2024 జులై 1 నుంచి ఆ చట్టం బదులు భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. పేరు మారింది. ఈ నియమం మాత్రం పోలేదు. ఇప్పుడది 23వ సెక్షన్‌లో ఉంది.

మన రాజ్యాంగం 20వ అధికరణం గూడ ఒక మాట చెబుతుంది. నేరం మోపబడిన మనిషిని తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతం చేయరాదు.

"మరి నిజంగానే ఒప్పుకోవాలనుకుంటే?" అని మీరు అడుగుతారు. దానికి దారి ఉంది. మెజిస్ట్రేటు ముందు చెప్పాలి. మెజిస్ట్రేటు ముందుగా ఇట్లా చెప్పాలి: "నువ్వు ఒప్పుకోవాలని ఏమీ లేదు. ఒప్పుకుంటే ఆ మాటను నీ మీదనే సాక్ష్యంగా వాడవచ్చు." ఎవరైనా భయపెట్టారా అని కనుక్కోవాలి. "నేను చెప్పను" అని ఆ మనిషి అంటే, ఆ కారణంతో అతన్ని తిరిగి పోలీసుల చేతికి అప్పగించరాదు.

ఇంకొక సంగతి గూడ తెలుసుకోవాలి. పట్టుబడిన మనిషి చెప్పిన మాటను బట్టి ఒక వస్తువు దొరికితే, ఆ వస్తువు దొరకడానికి సంబంధించిన మాటను మటుకు కోర్టు తీసుకుంటుంది. "కత్తి ఫలానా బావిలో వేసిన" అన్నాడు, అక్కడే కత్తి దొరికింది అనుకోండి. ఆ మేరకు అది సాక్ష్యం. అందుకే చాలా కేసుల్లో వస్తువు దొరికిందని రాసే కాగితం పెద్దదవుతుంది. ఆ కాగితాన్నే పంచనామా అంటారు. దాని మీద ఊరివాళ్లు ఇద్దరు సంతకం పెడతారు. వాళ్లను పంచులు అంటారు. ఆ సంతకం నిజంగా చూసి పెట్టిందా, చూడకుండా పెట్టిందా అనే దాని మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉంటుంది.

ఒక కేసు: ఎనిమిదేండ్లకు పైగా జైలు

2007 డిసెంబర్ 27. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం. ఆడపిల్లల హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఆమె తెనాలి పిల్ల. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు అచ్చు వేయరాదని చట్టం ఉంది. అందుకని ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు.

నెలలు గడిచాయి. దోషిని పట్టుకోలేదని రాష్ట్రమంతా గగ్గోలు. పోలీసుల మీద ఒత్తిడి పెరిగింది. 2008 ఆగస్టులో నందిగామ దగ్గరి పేద ఇంటి యువకుణ్ని, సత్యంబాబును, పట్టుకున్నారు. ఇతనే చేశాడు, ఒప్పుకున్నాడు అన్నారు.

అప్పుడు ఎవరూ అనుకోని మాట ఒకటి వినబడింది. చనిపోయిన పిల్ల తల్లి ముందుకు వచ్చి, "నా బిడ్డను చంపింది ఇతను కాదు" అన్నది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి! ఎవరో ఒకరికి శిక్ష పడితే చాలు అనుకోలేదు. అసలు మనిషి దొరకాలి అన్నది. అంతమంది పిల్లలు పడుకున్న హాస్టల్లోకి ఒక్కడు వచ్చి, ఇంత పని చేసి, ఎవరికీ తెలియకుండా ఎట్లా పోతాడు అని జనం గూడ అడిగారు.

2010 సెప్టెంబర్‌లో విజయవాడ కోర్టు సత్యంబాబుకు శిక్ష వేసింది. జైల్లో ఉండగా అతనికి నరాల జబ్బు చేసింది. కాళ్లు పనిచేయకుండా పోయాయి. అతని తల్లి కోర్టుల చుట్టూ తిరిగింది.

2017 మార్చి 31న హైదరాబాదులోని హైకోర్టు తీర్పు చెప్పింది. పోలీసులు చూపిన సాక్ష్యాలను కోర్టు నమ్మలేదు. సత్యంబాబు నిర్దోషి అన్నది. అతనికి లక్ష రూపాయలు చెల్లించమన్నది. ఏప్రిల్ 2న అతను రాజమండ్రి జైలు నుంచి బయటికి వచ్చాడు.

లెక్క వేయండి. 2008 ఆగస్టు నుంచి 2017 ఏప్రిల్ దాకా ఎన్నేండ్లు? ఎనిమిదేండ్ల మీద ఏడు నెలలు. ఒక పిల్లవాడు ఒకటో తరగతిలో చేరి తొమ్మిదికి వచ్చేంత కాలం. లక్ష రూపాయలను ఆ నెలలతో భాగిస్తే నెలకు వెయ్యి రూపాయలు గూడ పడవు.

ఇందులో ఇద్దరు తల్లులు ఉన్నారు. ఒక తల్లికి కొడుకు ఎనిమిదేండ్లకు పైగా లేడు. ఇంకొక తల్లికి బిడ్డ ఎన్నటికీ లేదు. తప్పుడు మనిషిని పట్టుకుంటే ఇద్దరు తల్లులకూ అన్యాయమే. ఎందుకంటే ఒకరిని జైల్లో వేసిన నాడే వెతకడం ఆగిపోతుంది. అన్నేండ్లలో రక్తపు మరకలు ఆరిపోతాయి, సాక్షులు మరిచిపోతారు, కాగితాలు పోతాయి. 2018లో హైకోర్టు ఈ కేసును మళ్లీ దర్యాప్తు చేయమని సి.బి.ఐ.కి అప్పగించింది. 2019 డిసెంబర్‌లో, అంటే పన్నెండేండ్ల తర్వాత, ఆ పిల్ల సమాధిని తవ్వి మళ్లీ పరీక్ష చేశారు. మొదటే సరిగా వెతికి ఉంటే ఆ తల్లికి ఈ గోస ఉండునా?

మన దగ్గరి కేసు: చటాన్‌పల్లి

ఇప్పుడు మన పాలమూరు దిక్కు చూద్దాం.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర టోల్‌గేటు కాడ ఒక పశువుల డాక్టరమ్మను ఎత్తుకుపోయి, అత్యాచారం చేసి, చంపారు. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద ఆమె శవాన్ని కాల్చారు. ఆమెకు పోలీసులు "దిశ" అని పేరు పెట్టారు. అసలు పేరు రాయరాదు గనుక ఆ పేరే నిలిచింది. ఆ రాత్రి కేసు రాసుకోవడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండు చేశారు.

రెండు రోజులకు నలుగురిని పట్టుకున్నారు. నలుగురూ నారాయణపేట జిల్లా వాళ్లు. మక్తల్ దిక్కు పల్లెలు. లారీ పని చేసుకునేవాళ్లు. షాద్‌నగర్ ఠాణా ముందు వేల జనం కూడారు. "మాకు అప్పగించున్రి" అని కేకలు వేశారు.

డిసెంబర్ 6 తెల్లవారుజామున ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. దిశ సెల్‌ఫోన్, గడియారం దాచిన జాగా చూపిస్తామంటే తీసుకపోయామని పోలీసులు చెప్పారు. అక్కడ తుపాకులు గుంజుకొని, రాళ్లు రువ్వి పారిపోబోతే కాల్చామని చెప్పారు. ఆ పొద్దు చాలామంది సంబరపడ్డారు. పోలీసుల మీద పూలు చల్లారు. ఆడవాళ్లు రాఖీలు కట్టారు. ఆడపిల్లలున్న తల్లుల కడుపుమంట అది. ఆ మంటను తప్పుపట్టలేం.

అయితే సుప్రీంకోర్టు 2019 డిసెంబర్ 12న ఒక విచారణ కమిషన్ వేసింది. సుప్రీంకోర్టు మాజీ జడ్జి వి.ఎస్. సిర్పుర్కర్ దానికి పెద్ద. హైకోర్టు మాజీ జడ్జి రేఖా బల్దోటా, సి.బి.ఐ. మాజీ డైరెక్టర్ కార్తికేయన్ సభ్యులు. వాళ్లు సాక్షులను విని, కాగితాలు చూసి, 2022 జనవరిలో నివేదిక ఇచ్చారు. ఆ ఏడు మే నెలలో అది బయటికి వచ్చింది.

నివేదికలో ఏముంది? తుపాకులు గుంజుకున్నారన్న మాట నమ్మదగింది కాదన్నారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారన్నారు. పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలన్నారు. నలుగురిలో ముగ్గురికి పద్దెనిమిదేండ్లు గూడ నిండలేదని చెప్పారు. కమిషన్ మాట తీర్పు కాదు. తీర్పు కోర్టే చెప్పాలి. అందుకని సుప్రీంకోర్టు ఆ సంగతిని తెలంగాణ హైకోర్టుకు పంపింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. సత్యంబాబు కేసులో పోలీసుల మాటను హైకోర్టు త్రాసులో వేసి చూసింది. ఆలస్యమైనా చూసింది. చటాన్‌పల్లిలో త్రాసు దాకా పోనే లేదు. ఆ నలుగురు చేశారో లేదో, ఎవరెవరు ఏమేం చేశారో కోర్టులో తేలలేదు. చనిపోయినవాళ్ల మీద విచారణ నడవదు. దిశకు గూడ ఒక తీర్పు దొరకలేదు. ఒకవేళ 2008లో సత్యంబాబును గూడ ఇట్లనే కాల్చి ఉంటే? "దోషి చచ్చిండు" అని అందరూ మరిచిపోయేవాళ్లు. 2017 తీర్పు వచ్చేదే కాదు.

"అయితే దోషులను ఇడిచిపెట్టాల్నా?"

ఒక అవ్వ ఇట్లా అడగవచ్చు: "గట్లయితే బిడ్డా, చంపినోన్ని గూడ ఇడిచిపెట్టుమంటవా?"

కాదవ్వా. చంపినవాణ్నే పట్టుకోవాలంటున్నాం. దానికి దెబ్బలు అక్కరలేదు. వెంటనే కేసు రాయాలి. జాగాను తొక్కకుండా కాపాడాలి. రక్తం, వెంట్రుకలు, వేలిముద్రలు తీసి పరీక్షకు పంపాలి. ఫోను ఎక్కడెక్కడ తిరిగిందో చూడాలి. చూసినవాళ్లను మర్యాదగా అడగాలి. ఇదంతా కష్టమైన పని. కొట్టి ఒప్పించడం సులువైన పని. సులువైన పనిని ఒప్పుకున్నామంటే కష్టమైన పని ఎవరూ చేయరు. అప్పుడు నష్టం ఎవరికి? మన ఆడపిల్లలకే.

నిజం నిలకడ మీద తెలుస్తుంది అంటారు పెద్దలు. ఆ నిలకడ పేరే విచారణ.

ఇప్పుడు మీకు చదువు వచ్చింది. ఇవి గుర్తుంచుకోండి

1. తెల్ల కాగితం మీద సంతకం పెట్టకండి. వేలిముద్ర వేయకండి. పంచుగా పిలిస్తే, కళ్లతో చూసిందే రాశారా అని చదువుకొని పెట్టండి. "నాకు చదవనీకి టైం గావాలె" అని అడగండి. చదవరాని అక్షరం ఉంటే పక్కవాళ్లతో చదివించుకోండి.

2. మీరు చూసిన సంగతి పోలీసులు అడిగి రాసుకుంటే, ఆ వాంగ్మూలం మీద మీ సంతకం తీసుకోరాదు. చట్టమే అట్లా చెబుతుంది.

3. సాక్ష్యం అడగడానికి ఆడవాళ్లను ఠాణాకు రమ్మని పిలవరాదు. పోలీసులే ఇంటికి వచ్చి అడగాలి.

4. ఆడమనిషిని పొద్దుగూకినంక, పొద్దు పొడవక ముందు అరెస్టు చేయరాదు. తప్పనిసరి అయితే మెజిస్ట్రేటు అనుమతి తీసుకొని, ఆడ పోలీసు అధికారే చేయాలి.

5. ఎవరినైనా అరెస్టు చేస్తే కాగితం రాయాలి. తారీఖు, టైము వేయాలి. ఇంటివాళ్లో, ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఎక్కడికి తీసుకుపోయారో ఇంటివాళ్లకు తెలపాలి. 1986లో బెంగాల్ నుంచి డి.కె. బసు అనే ఆయన సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాశాడు. ఠాణాల్లో మనుషులు చచ్చిపోతున్నారని అందులో రాశాడు. ఆ ఉత్తరమే కేసు అయింది. 1996 డిసెంబర్ 18న కోర్టు ఈ నియమాలు పెట్టింది. ఒక ఉత్తరానికి ఎంత బలముందో చూశారా!

6. పట్టుకున్న మనిషిని 24 గంటల లోపల మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. దారి ప్రయాణం టైము ఇందులో లెక్కకు రాదు. కొట్టి ఉంటే అక్కడే చెప్పాలి. "నన్ను కొట్టిన్రు, డాక్టరుకు చూపియ్యున్రి" అని అడగాలి.

7. ఫిర్యాదు ఏ ఠాణాలో ఇచ్చినా రాసుకోవాలి. "ఇది మా హద్దు కాదు" అనరాదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదు చేసిన మనిషికి పైసలు తీసుకోకుండా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. ఇంట్లో దాచుకోండి.

8. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, జైల్లో ఉన్నవాళ్లకు వకీలును ప్రభుత్వమే ఉచితంగా పెడుతుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. నల్లగొండలో ఉంది, మహబూబ్‌నగర్‌లో ఉంది. ఫోను నంబరు 15100. ఈ నంబరును గోడ మీద రాసి పెట్టుకోండి.

9. పిల్లల బడి సర్టిఫికెట్లు, పుట్టిన తేదీ కాగితం భద్రంగా పెట్టండి. పద్దెనిమిదేండ్లు నిండనివాళ్లను లాకప్పులో పెట్టరాదు. వాళ్ల విచారణ వేరే బోర్డు ముందు జరుగుతుంది. వయసు తేల్చేటప్పుడు చట్టం మొదట చూసేది బడి సర్టిఫికెట్టునే.

కొత్త మాటలు

నేరాంగీకారం: నేరం చేశానని ఒప్పుకోవడం.
వాంగ్మూలం: అడిగినప్పుడు చెప్పి రాయించిన మాట.
పంచనామా: జాగాలో చూసింది, దొరికింది రాసిన కాగితం.
నిర్దోషి: నేరం చేయలేదని కోర్టు చెప్పిన మనిషి.
దర్యాప్తు: నేరం ఎవరు చేశారో వెతకడం.
విచారణ: రెండు దిక్కుల మాట కోర్టు వినడం.

కూర్చొని మాట్లాడుకోండి

1. కడియాల ముచ్చటలో పిల్లగాడు అబద్ధం ఎందుకు చెప్పాడు? ఆ అబద్ధం ఎవరు చెప్పించారు?
2. చనిపోయిన పిల్ల తల్లి "ఇతను కాదు" అన్నది. ఆమె జాగాలో మీరుంటే ఏమంటారు?
3. చటాన్‌పల్లి కాల్పుల మీద మీ ఇంట్లో, మీ వాడలో ఏమనుకున్నారు? కమిషన్ నివేదిక విన్నాక ఏమనుకుంటున్నారు? ఒకరి మాట ఇంకొకరికి నచ్చకపోతే కోపం వద్దు. కారణం అడగండి.
4. మీ ఊళ్లో పంచుగా సంతకం పెట్టినవాళ్లు ఉన్నారా? చదివి పెట్టారా, చదవకుండా పెట్టారా?

రాయండి

"నేను చదవని కాగితం మీద సంతకం పెట్టను."

ఈ వాక్యాన్ని మీ నోటుబుక్కులో ఐదుసార్లు రాయండి. కింద మీ పేరు రాయండి. ఆ కింద 15100 రాయండి. ఇంటికి పోయి ఇంకా చదువు రాని మీ అత్తకో, అమ్మకో, వదినెకో చదివి వినిపించండి.